వెయ్యి డాలర్లు, 88 ఫ్లాట్లు, ఒక సర్వే నంబరు

డిస్లెక్సియా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ధైర్యం చెప్పాలనుకున్నప్పుడు ఎత్తే పేర్లలో బార్బరా కోర్కోరన్‌ది ఒకటి. 1949లో న్యూజెర్సీలో, పదిమంది పిల్లలున్న ఇంట్లో పుట్టారు. బళ్లో వరసగా డి గ్రేడులు. 23 ఏళ్లు వచ్చేసరికి 20 ఉద్యోగాలు మారారు. 1973లో, హోటల్లో వడ్డన పని చేస్తున్న రోజుల్లో, అప్పటి ప్రియుడు అప్పిచ్చిన 1,000 డాలర్లతో న్యూయార్క్‌లో అతనితో కలిసి ఇళ్ల బ్రోకరేజి వ్యాపారంలోకి దిగారు. 1978లో అతనితో తెగతెంపులయ్యాక తన పేరుతోనే కోర్కోరన్ గ్రూప్ పెట్టారు. 2001లో దాన్ని 6.6 కోట్ల డాలర్లకు అమ్మారు. తనకున్నది డిస్లెక్సియా అని ఆమెకు అర్థమైంది మాత్రం పెద్దయ్యాకే, చదువులో ఇబ్బంది పడుతున్న కొడుక్కి పరీక్షలు చేయించినప్పుడు.

ఈ కథ విన్నవారిలో కొందరు రెండు నిర్ణయాలకు వచ్చేస్తారు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు వ్యాపారబుద్ధి ఎక్కువని ఒకటి, రియల్ ఎస్టేట్‌కు పెద్ద చదువు అక్కర్లేదని ఇంకొకటి. రెండూ సగం నిజాలే. మిగతా సగం అంకెల్లో ఉంది. అది తెలియకుండా డబ్బు పెడితే, ముఖ్యంగా చదవడం కష్టమైనవాళ్లు పెడితే, నష్టం చిన్నదిగా ఉండదు.

ముందు ఆమె లెక్కే చూద్దాం. వెయ్యి డాలర్లు 28 ఏళ్లలో 6.6 కోట్లు కావాలంటే ఏటా దాదాపు 49 శాతం చొప్పున చక్రవడ్డీ రావాలి. స్థలం మీదో ఫ్లాటు మీదో అంత రాబడి అన్నేళ్లపాటు ఆశించడం అత్యాశ. ఆమెకు కూడా అది ఆస్తి కొని సంపాదించిన రాబడి కాదు. ఊరివాళ్ల ఇళ్లు అమ్మిపెట్టి కమిషన్ తీసుకున్నారు, ఏజెంట్లను చేర్చుకున్నారు, ఆఫీసులు పెంచారు. 6.6 కోట్లు ఆ సంస్థకు వచ్చిన ధర. బ్రోకరేజీకి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. మనిషిని చూడగానే ఏం కావాలో పసిగట్టడం, ఇల్లు చూపిస్తూ మాట్లాడటం, బేరం కుదర్చడం, ఇవే పెట్టుబడి. చదవాల్సింది తక్కువ, చూడాల్సిందీ మాట్లాడాల్సిందీ ఎక్కువ. డిస్లెక్సియా అడ్డుపడే చోటు ఆ పనిలో చాలా చిన్నది.

ఆమె అంకెలకు భయపడి పక్కకు తప్పుకోలేదన్నది నాకు నచ్చే సంగతి. సంస్థ చిన్నదిగా ఉన్నప్పుడు చేతిలో ఉన్నవి 11 అమ్మకాలు. వాటి ధరలన్నీ కూడి 11తో భాగించి, వచ్చిన సగటును ‘కోర్కోరన్ రిపోర్ట్’ అన్న పేరుతో పత్రికలవాళ్లకు పంపారు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని వార్తగా వేసింది. ఆ దెబ్బతో న్యూయార్క్ ఇళ్ల ధరల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆమెకే ఫోన్ చేయడం మొదలైంది. కూడికా భాగహారమూ తప్ప అందులో వేరే గణితం లేదు. నాకు మాత్రం ఇందులో ఒక హెచ్చరిక కూడా కనిపిస్తుంది. అంత పెద్ద నగరానికి 11 అమ్మకాల సగటు ఏమాత్రం? అందులో ఒక ఖరీదైన ఇల్లు ఉంటే సగటు ఎగిరి కూర్చుంటుంది. మన దగ్గర బ్రోచర్ల మీద ‘ఈ ఏరియాలో సగటు ధర’ అని కనిపించినప్పుడల్లా ఎన్ని అమ్మకాల సగటు, ఏ నెలలవి అని అడగాలి.

రెండో అంకె 88. మార్కెట్ పడిపోయి ఉన్న రోజుల్లో ఎవరూ కొనని 88 ఫ్లాట్లు అమ్మిపెట్టే పని ఆమెకు వచ్చింది. అంతస్తును బట్టి, కిటికీలోంచి కనిపించేదాన్ని బట్టి 88 రకాల ధరలు పెట్టడం ఆ వ్యాపారంలో అలవాటు. ఆమె అదంతా తీసి పక్కన పెట్టి మూడే ధరలు పెట్టారు. ఒంటి గదివన్నీ ఒక ధర, ఒక బెడ్‌రూమ్‌వన్నీ ఒక ధర, రెండు బెడ్‌రూమ్‌లవన్నీ ఒక ధర. అమ్మకం ఒక్క రోజే, ముందొచ్చినవాళ్లకు ముందు. ఆ రోజుతోనే అన్నీ అమ్ముడుపోయాయి. 88 వరసలున్న పట్టికను మూడు వరసలకు కుదించాలన్న ఆలోచన, పట్టికలు చదవడం సులువైనవాళ్లకు అంత త్వరగా వస్తుందని నేననుకోను.

అలాగని డిస్లెక్సియాను వరం అనేయడానికి అంకెలు ఒప్పుకోవు. లండన్‌లోని అప్పటి కాస్ బిజినెస్ స్కూల్‌కు చెందిన జూలీ లోగన్ అమెరికాలో 139 మంది వ్యాపార యజమానులను ప్రశ్నించి 2007లో ఫలితాలు బయటపెట్టారు. వారిలో 35 శాతం మందికి డిస్లెక్సియా లక్షణాలున్నాయి. పెద్ద కంపెనీల్లో జీతానికి పనిచేసే మేనేజర్లలో మాత్రం ఒక శాతం కూడా లేరు. డిస్లెక్సియా ఉన్న యజమానులు పనిని ఇతరులకు అప్పగించడంలో, నోటిమాటతో ఒప్పించడంలో ముందున్నారని కూడా ఆమె గమనించారు. ఈ 35 శాతాన్ని చాలామంది చెబుతారు. చెప్పనిది ఇంకొకటుంది. టెక్సస్ జైళ్లలోని ఖైదీల మీద జరిగిన అధ్యయనం 2000లో వచ్చింది. వారిలో దాదాపు 48 శాతం మందికి డిస్లెక్సియా ఉందని తేల్చింది. మొదటి అంకె చిన్న ప్రశ్నావళి నుంచి, రెండోది ఒక్క రాష్ట్రంలోని జైళ్ల నుంచి వచ్చింది కాబట్టి దేన్నీ దేశమంతటికీ అంటగట్టకూడదు. కానీ రెంటినీ పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టం. అదే ఇబ్బందితో బడి దాటినవాళ్లలో కొందరు కంపెనీ పెట్టారు, కొందరు జైల్లో తేలారు. కోర్కోరన్‌కు ఇంట్లో అమ్మ ఉంది. టీచరు మొద్దు అన్నరోజున, నీకు గొప్ప ఊహాశక్తి ఉంది, ఖాళీలు దానితో నింపుకుంటావు అని చెప్పిన అమ్మ. ఎవరు ఎటు వెళ్తారన్నదాన్ని అలాంటి మనుషులూ, బడిలో దొరికే సాయమూ చాలావరకు తేలుస్తాయని నా నమ్మకం.

ఇంతకీ డిస్లెక్సియా అంటే? తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. పలికే శబ్దాన్ని రాసిన గుర్తుతో జతపరిచే పని మెదడులో నెమ్మదిగా, శ్రమతో జరుగుతుంది. సాధారణంగా చెప్పే లెక్క 5 నుంచి 10 శాతం, అంటే 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి నలుగురు. మగపిల్లల్లోనే ఎక్కువనుకునేవారు. యేల్ విశ్వవిద్యాలయంలో శాలీ షేవిట్జ్ బృందం బడి పంపిన పిల్లలనే కాకుండా అందరినీ పరీక్షించి చూస్తే ఆడపిల్లల్లోనూ దాదాపు అంతే ఉందని తేలింది. అల్లరి చేసే మగపిల్లాడి మీద టీచరు దృష్టి పడుతుంది. మూల బెంచీలో మౌనంగా కూర్చున్న ఆడపిల్ల మీద పడదు.

తెలుగులో ఇది ఇంకాస్త దాగి ఉంటుంది. 13 యూరప్ భాషల పిల్లలను పోల్చిన పరిశోధన 2003లో వచ్చింది. బడిలో మొదటి ఏడాది ముగిసేసరికి ఫిన్నిష్, గ్రీకు, ఇటాలియన్ పిల్లలు తెలిసిన పదాల్లో నూటికి 95కు అటూ ఇటూగా సరిగ్గా చదివారు. ఇంగ్లిష్ పిల్లలు 34. రాసినట్టే పలికే భాషల్లో తప్పులు త్వరగా తగ్గిపోతాయి, నెమ్మది మాత్రం మిగిలిపోతుంది. తెలుగు కూడా రాసినట్టే పలుకుతుంది. కాకపోతే గుణింతాలూ వత్తులూ కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. ప, వ, మ, య, ఘ, ఝ చూడటానికి ఎంత దగ్గరో ఒకటో తరగతి టీచరును అడగండి. అందుకే తెలుగులో తప్పులేమీ లేకుండా చదివే పిల్లాడికి డిస్లెక్సియా ఉందని ఎవరికీ తట్టదు. ఒక్కో పేజీకి మిగతావాళ్ల కన్నా రెండు మూడింతల సమయం పడుతోందన్నది బద్ధకం కింద జమ అవుతుంది. వాడే పెరిగి పెద్దవాడై, పొదుపు చేసిన డబ్బుతో ఫ్లాటు కొనడానికి వెళ్తాడు. ఇక్కడ కోర్కోరన్ కథ ఆగిపోతుంది. ఆమె అమ్మే వైపు నిలబడ్డారు. కొనేవైపు పనంతా కాగితమే.

60 లక్షల ఫ్లాటు ఒకటి అనుకుందాం. 1,200 చదరపు అడుగులు, అడుగుకు 5,000. ఆ 1,200లో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా కూడా కలిసి ఉంటుంది. గోడల మధ్య మీరు నడిచే కార్పెట్ ఏరియా 70 శాతం అనుకుంటే 840 అడుగులు. నిజమైన ధర అడుగుకు సుమారు 7,143. బ్యాంకు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఇచ్చే ఇంటి రుణానికి ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కాబట్టి 48 లక్షలు అప్పు, 12 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం లెక్కన ఇంకో నాలుగున్నర లక్షలు. తాళాలు చేతికి వచ్చేసరికి జేబులోంచి 16.5 లక్షలు పోయాయి.

అప్పు 8.5 శాతానికి 20 ఏళ్లు అయితే నెలకు ఈఎంఐ 41,656 రూపాయలు. ఫ్లాటును అద్దెకిస్తే ఏటా ధరలో 3 శాతం, అంటే నెలకు 15,000 వస్తాయనుకుందాం. మిగతా 26,656 ప్రతి నెలా మీరు కట్టుకోవాలి. అయిదేళ్లలో కట్టిన ఈఎంఐలు 25 లక్షలు. అందులో అసలు తీరింది 5.7 లక్షలే. 19.3 లక్షలు వడ్డీకే పోయాయి. ఇంకా 42.3 లక్షల బాకీ ఉంటుంది.

ఇప్పుడు అమ్మితే? పెట్టింది 16.5, ఈఎంఐలు 25, వచ్చిన అద్దె 9 తీసేస్తే నికరంగా మీ నుంచి వెళ్లింది 32.5 లక్షలు. మరమ్మతులు, ఇంటి పన్ను, అమ్మకపు ఖర్చులు, పన్నులు కలపలేదు, అద్దె పెరగలేదనుకున్నాం. ధర ఏటా 10 శాతం పెరిగితే ఫ్లాటు విలువ 96.6 లక్షలు, బాకీ పోను 54.3 మిగులుతాయి. 21.8 లక్షల లాభం. 5 శాతం పెరిగితే విలువ 76.6, బాకీ పోను 34.3. లాభం లక్షా 80 వేలు. అదే డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే ఇంతకన్నా ఎక్కువే వచ్చేది. ధర కదలకపోతే బాకీ పోను 17.7 మిగులుతాయి. 14.8 లక్షలు నష్టం. మూడు సందర్భాల్లోనూ ఫ్లాటు అదే, అప్పు అదే. మారింది పెరుగుదల అంకె ఒక్కటే, అదే ఎవరి చేతిలోనూ లేనిది. ‘డబుల్ అవుతుంది సార్’ అన్న మాటకు లొంగే ముందు ఈ మూడు ఫలితాలనూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. పట్టికలో వరసలు తప్పిపోయేవాళ్లకు ఒక కాగితానికి ఒక ఫలితం చొప్పున మూడు కాగితాలు ఇంకా మేలు.

ఈ లెక్కలు అర్థం చేసుకోవడంలో డిస్లెక్సియా ఉన్నవాళ్లకు ఇబ్బంది ఉండకపోవచ్చు. లెక్కల్లోనే తడబాటు ఉంటే దాని పేరు డిస్కాల్క్యులియా, అది వేరు, కొందరిలో రెండూ ఉంటాయి. డిస్లెక్సియాలో తరచూ ఇబ్బంది పెట్టేది అంకెల వరసను కాసేపు మనసులో పట్టి ఉంచడం. ఆస్తి కాగితాల నిండా ఉండేవి అవే. సర్వే నంబరు, ప్లాటు నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, పన్నెండంకెల ఆధార్.

ఒక 200 గజాల ప్లాటు దస్తావేజు షెడ్యూలు ఎలా ఉంటుందో చూడండి. సర్వే నంబరు 247లో ప్లాటు నంబరు 47, 40 అడుగులు బై 45 అడుగులు. హద్దులు: తూర్పు ప్లాటు నం. 46, పడమర ప్లాటు నం. 48, ఉత్తరం 30 అడుగుల రోడ్డు, దక్షిణం ప్లాటు నం. 64. ఇందులో 46, 64 రెండూ ఉన్నాయి. పైన 247. ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసేటప్పుడు 274 అని కొడితే వేరే భూమి చరిత్ర వస్తుంది. అందులో బాకీలేమీ లేకపోతే అంతా బాగుందనిపిస్తుంది, మీ భూమి మీద తనఖా అలాగే ఉంటుంది. ఈ తప్పు ఎవరైనా చేయగలరు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు అవకాశం ఎక్కువ, దాన్ని ఒప్పుకోవడానికి మొహమాటమూ ఎక్కువ.

మందు చాలా సులువైనది. ఒకరు దస్తావేజు మీద అంకెలను విడివిడిగా, ‘రెండు, నాలుగు, ఏడు’ అంటూ పైకి చదవాలి. రెండోవారు ఈసీ మీద వేలు పెట్టి సరిచూడాలి. తర్వాత కాగితాలు మార్చుకుని మళ్లీ. లేఔట్ ప్లాను మీద మీ ప్లాటుకు రంగు పెన్సిల్ వేసి, స్థలానికి వెళ్లి, తూర్పుకు తిరిగి నిలబడి హద్దులు ఒక్కొక్కటే చూసుకోవాలి. కళ్లతో నేలను చదవడంలో మీరు మిగతావాళ్ల కన్నా వెనకబడి ఉండరు. దస్తావేజుల్లో పేజీ పొడుగునా సాగే వాక్యాలుంటాయి. వాటిని ఫోన్ చేత పైకి చదివించుకోవచ్చు, ఇప్పుడు తెలుగులో కూడా వీలుంది. కానీ అంకెలను మాత్రం ఫోన్‌కు వదిలేయొద్దు, స్కాన్ చేసిన పాత కాగితాల్లో అది కూడా 3ను 8 అంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి, లింకు దస్తావేజులు లాయరు చూడాలి. లాయరు అభిప్రాయాన్ని కాగితం మీద తీసుకోవడంతో పాటు, ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పించుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని ముందే అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కొలతల సంగతి కూడా ఒక మాట. ఎకరానికి 4,840 గజాలు. తెలంగాణలో గుంటల్లో చెబితే 40, ఆంధ్రలో సెంట్లలో చెబితే 100. గుంట 121 గజాలు, సెంటు 48.4. వీటిని గుర్తుపెట్టుకోవాలన్న పట్టుదల అక్కర్లేదు. చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే చాలు. ఎదుటివాళ్లు గుంటల్లో చెప్పినా సెంట్లలో చెప్పినా దాన్ని గజాల్లోకి మార్చాకే ధర మాట్లాడండి.

వీటన్నిటికీ కావాల్సింది సమయం. చదువుకునే పిల్లలకు ఆ సమయాన్ని చట్టం ఇస్తోంది. 2016 డిసెంబరులో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఎనిమిదేళ్ల వయసులో పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు, 14లో, 18లో మళ్లీ చూస్తారు. 18లో ఇచ్చింది జీవితకాలం చెల్లుతుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే రిజర్వేషన్లు వర్తిస్తాయి. రాతపరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఇస్తారు. 2007లో డిస్లెక్సియా ఉన్న పిల్లాడి కథతో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రుల కాలానికి ఇవేవీ చట్టంలో లేవు. ఇది చిన్న గెలుపు కాదు.

అయితే ఆ అదనపు సమయం పరీక్ష హాలు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. సేల్స్ ఆఫీసులో ‘ఈ ఆఫర్ సాయంత్రం వరకే’ అంటారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెనక వరస కదులుతుంటే పేజీలు తిప్పి సంతకం పెట్టమంటారు. ఆ తొందర ఎవరికైనా చేటే, నెమ్మదిగా చదివేవాళ్లకు మరీను. అదే 2016లో మార్చిలో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఇక్కడ సాయపడుతుంది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మన 60 లక్షల ఫ్లాటుకు అది 6 లక్షలు. అంతకుమించి ముందే అడిగితే కుదరదని చెప్పే హక్కు మీకుంది. రెరా నమూనా ఒప్పందంలో, కాగితాలు చేతికందిన నాటి నుంచి సంతకం చేసి తిరిగి ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆ 30 రోజుల్లో మొదటి వారం అంకెలకే ఇవ్వండి, రెండో వారం లాయరుకు, మూడో వారం స్థలం దగ్గర. రిజిస్ట్రేషన్‌కు ముందు రాతకోతల డ్రాఫ్టును పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి ఇవ్వమని డాక్యుమెంట్ రైటరును అడగండి. కంప్యూటర్లో ఉన్నదే కాబట్టి అక్షరాల సైజు పెంచడం నిమిషం పని. ఎందుకని అడిగితే నాకు డిస్లెక్సియా, నెమ్మదిగా చదువుతాను అని చెప్పండి.